నవ్వాల్సిన చోట

మొన్న ఆదివారం మా ఇంటికి చుట్టాలొచ్చారు. వంటలు, వడ్డనలు, పిల్లల గోల, సింకు నిండా గిన్నెలు. అందరూ వెళ్ళాక మా కోడలు సోఫాలో కూలబడి, చేతిలో ఫోను అలాగే పట్టుకుని, "అత్తయ్యా, నేనిక ఒక్క శాతంలో ఉన్నా" అంది. నేను గబగబా లోపలికెళ్ళి ఛార్జరు వెతికి, తీగ చిక్కు విప్పుకుంటూ తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. కోడలు ఛార్జరు వైపు, నా వైపు చూసింది. తర్వాత మా అబ్బాయి పగలబడి నవ్వాడు. కోడలు కళ్ళు తుడుచుకుంటూ, "అబ్బా, అత్తయ్య జోకేస్తే మామూలుగా ఉండదు" అంది. పిల్ల పాపం ఒంట్లో ఓపిక అయిపోయిందని చెప్పింది. అది నాకు తట్టేసరికి వాళ్ళ నవ్వు సగం అయిపోయింది. అప్పుడు నేనూ నవ్వాను, కావాలనే చేసినట్టు.

తర్వాత గిన్నెలు సర్దుతుంటే చెవులు వేడెక్కాయి. నాకు మతిమరుపు లేదు. పాలవాడికి ఎన్ని రోజులు నాగా పడ్డాయో ఇప్పటికీ నేనే చెప్తాను. కాకపోతే ఈ మధ్య ఎవరైనా కొత్తగా, వంకరగా ఒక మాటంటే అది నాకు తిన్నగా వచ్చి తగులుతోంది. ఇది మొదటిసారి కాదు. ఇంతకుముందు జరిగినవి ఎవరికీ తెలియవు కాబట్టి చెప్పను. సిగ్గేసింది. ఆ సిగ్గులోనే మా నాయనమ్మ గుర్తొచ్చింది.

మాది ఈపూరు దాటి లోపలికి పోతే వచ్చే మెట్ట పల్లె. వానొస్తే పంట, లేకపోతే లేదు. జొన్నలు, కందులు, ఆముదాలు. ఎండాకాలం వచ్చిందంటే మా వీధంతా ఆముదం వండే వాసన. వేయించి దంచిన గింజల ముద్దని పెద్ద కుండలో నీళ్ళు పోసి ఉడకబెట్టి, పైకి తేలిన నూనెని నాయనమ్మ గరిటెతో తీస్తుంటే మేం ముక్కులు మూసుకుని చుట్టూ తిరిగేవాళ్ళం. కంది కంప పొగ, పెనం మీద జొన్నరొట్టె, రోట్లో నూరిన గోంగూర పచ్చిమిరపకాయల ఘాటు. వీటన్నిటి మధ్యా నాయనమ్మ నోరు ఆడుతూ ఉండేది.

ఆమె నోరంటే పది ఊళ్ళలో పేరు. పెళ్ళిళ్ళలో వియ్యాలవారి ఎకసెక్కాలు ఉంటాయి కదా, ఆడపెళ్ళివారు మగపెళ్ళివారిని, వాళ్ళు వీళ్ళని మాటలతో పొడుచుకోవడం. మా వీధిలో ఎవరింట పెళ్ళయినా జవాబులు చెప్పడానికి మా నాయనమ్మను ముందు వరసలో కూర్చోబెట్టేవాళ్ళు. ఒకసారి గురజాల వైపు నుంచి వచ్చిన వియ్యపురాలు, "మీ ఊరి నీళ్ళు ఇంత ఉప్పగా ఉన్నాయేంది వదినా?" అంది. నాయనమ్మ ఒక్క రెప్ప కూడా వెయ్యలేదు. "అందుకేగా వదినా మేం కూరల్లో ఉప్పెయ్యం. మిగిలింది మూట కట్టిస్తా, తీసకపో. మీ మాటల్లో కలుపుకుందువు, చప్పగా ఉన్నయ్" అంది.

ఇక సామెతలు. పొద్దున్నే లేచి పొయ్యి ముట్టించిన దగ్గర్నుంచీ ఆమె మామూలుగా మాట్లాడటం నేను చానా తక్కువ విన్నాను. అమ్మ నాకు మా అన్నకంటే పెద్ద బెల్లం ముక్క ఇస్తే, "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే" అనేది. నేను ఇరుగింటి పిల్లతో తగూ పెట్టుకుని వస్తే, "నోరు మంచిదైతే ఊరు మంచిది, నీ నోటికి ఏం మాయరోగమే?" అని నా నెత్తిన ఒకటి మొట్టేది. సాయంత్రం వాకిట్లో నీళ్ళు చల్లి నులకమంచాలు వేశాక పొడుపు కథలు. కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు, ఏంది చెప్పండే? కంటిరెప్పలు! ఎన్నిసార్లు విన్నా కొత్తగా విన్నట్టే అరిచేవాళ్ళం.

నాకు తొమ్మిదేళ్ళప్పటి ఎండాకాలం నేనూ ఒక పొడుపు కథ కట్టాను. సొంతంగా కట్టిన మొట్టమొదటిది. గర్వంగా మంచం మీద నిలబడి, "నోట్లో దీపం, పొట్టలో ఇద్దరు తమ్ముళ్ళు, ఏంది చెప్పు నాయనమ్మా?" అన్నాను. టార్చిలైటు. మా నాన్న కొత్తగా కొన్నాడు, అందులో రెండు బ్యాటరీలు వేస్తుంటే చూశాను. నాయనమ్మ చానాసేపు ఆలోచించింది. చివరికి, "నోట్లో దీపం పెట్టుకుంటే కాలదంటే?" అంది. విరుపు లేదు, వేళాకోళం లేదు. నిజంగానే అడిగింది.

మేం పడీ పడీ నవ్వాం. అప్పట్నించీ మా అన్నకూ నాకూ అదొక ఆట అయిపోయింది. వాడు ఒంటిపూట బడి నుంచి వచ్చి, "నాయనమ్మా, ఇయ్యాల మా లెక్కల మాస్టారికి ఇంజను వేడెక్కింది" అనేవాడు. "ఆయన మోటారు సైకిలు ఎప్పుడు కొన్నాడ్రా?" అని ఆమె అడిగేది. మా నాన్న నరసరావుపేటలో కందులు అమ్ముకుని దిగాలుగా వచ్చి, "మార్కెట్టు జరం వచ్చి పడుకుందమ్మా" అంటే, "ఎవురికిరా జరం?" అంది. నాన్నకు అలసటలో అది పట్టలేదు. మేం మాత్రం స్తంభం వెనక నోళ్ళు మూసుకుని నవ్వాం.

విచిత్రమేమిటంటే పాతవాటికి ఢోకా లేదు. పాత సామెత ఒకటి సగం అంటే మిగతా సగం ఆమె అందుకునేది. విత్తనాల లెక్క, చుట్టాల వరసలు, ఏ గేదె ఎన్నో ఈత, అన్నీ ఆమె నోటనే ఉండేవి. కొత్తగా పుట్టిన మాట దగ్గరే చిక్కు.

ఒక మధ్యాహ్నం ఆముదం కుండ దగ్గర నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఏమే, మీరు నవ్వేది నన్ను చూసేనా?" అంది. నేను తల వంచుకున్నాను. ఆమె కోప్పడలేదు. "పాతయ్యన్నీ నాలిక చివర్నే ఉన్నయ్యే. కొత్త మాట వస్తే మటుకు, అది చెప్పిందే కనపడతంది. దాని యెనకాల ఉన్నది కనపడటంలా. కాసేపాగి తెలిసిద్ది, అప్పటికి అందరూ ఇంకో మాటలోకి పోతారు." గరిటెతో నూనె తీస్తూ తీస్తూ ఆగి, "ఎవురికీ చెప్పమాక" అంది. చెప్పనని ఒట్టేశాను.

ఆ నెలలోనే మా బాబాయి పెళ్ళి. నాయనమ్మకు కడగొట్టు కొడుకు. పెళ్ళికూతురిది నరసరావుపేట దగ్గర సాగర్ కాలవ కింది ఊరు. పెద్ద ఉన్నవాళ్ళు కాదు, మర్యాదస్థులు. పెళ్ళి వాళ్ళింటి దగ్గరే. ఒక ట్రాక్టరు జనం వస్తామని మావాళ్ళు కబురు చేశారు. తీరా బయల్దేరే వేళకి ఊరంతా కదిలింది. రానన్నవాళ్ళూ ఎక్కారు. ఇంకో ట్రాక్టరు కట్టారు, అదీ చాలక దారిలో దొరికిన లారీ ఎక్కారు. అంతమందిని చూసి పెళ్ళికూతురి నాన్న ముఖం ఒక్కసారి వాడి, మళ్ళీ నవ్వింది. "రండి రండి, మా భాగ్యం" అన్నాడు.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. పెళ్ళి భోజనాల్లో పెరుగు కోసం కేకెయ్యాల్సింది పెళ్ళికొడుకు తల్లి. ఆమె "పెరుగు పట్రండమ్మా" అనిందంటే ఆ బంతి ముగిసినట్టే, ఇక అన్నం గానీ కూర గానీ ఎవరూ అడగరు. వంటలో ఏదైనా తక్కువపడితే పెళ్ళికూతురి తల్లి వచ్చి వియ్యపురాలి చెవిలో ఒక మాట వేస్తుంది. వియ్యపురాలు ఏమీ ఎరగనట్టు పెరుగు కేకేస్తుంది. ఇవతలివాళ్ళ పరువు అవతలివాళ్ళ నోట్లో ఉండే పద్ధతి అది. పెళ్ళింట్లో 'అయిపోయింది' అనే మాట అనరు, 'నిండుకుంది' అంటారు. అది నాయనమ్మ పుట్టకముందు నుంచీ ఉన్న మాట. ఆ మాటే చెవిలో పడి ఉంటే ఆమె రెప్పపాటులో అందుకునేది. కానీ చుట్టూ మా ఆడవాళ్ళందరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. 'నిండుకుంది' అంటే అందరికీ తెలిసిపోతుంది. అందుకని ఆ తల్లి, పాపం, తనకు తోచిన మాట ఒకటి అప్పటికప్పుడు కట్టుకుంది.

రెండో బంతి నడుస్తోంది. పందిరి కింద ఎండ వేడి, మోదుగాకుల విస్తళ్ళ వాసన, వంకాయకూర, గుమ్మడికాయ పులుసు. నేను నాయనమ్మ పక్కనే పావడా సర్దుకుని కూర్చుని బూరె తింటున్నాను. పెళ్ళికూతురి తల్లి వచ్చి వంగింది. సన్నటి మనిషి, నుదుటిన కుంకుమ చెమటకు జారింది. "వదినా, మా తూము దించేశారు. పై నీళ్ళు రావాలంటే కాస్త పొద్దు పడుద్ది" అని మెల్లగా చెప్పి, నాయనమ్మ ముఖంలోకి ఆశగా చూసింది.

నాకు అర్థం కాలేదు. మెట్ట ఊరి పిల్లని, కాలవ నీళ్ళు చేలకి వదిలే తూములు నాకేం తెలుసు? నాయనమ్మకూ అర్థం కాలేదు. ఆమె ముఖంలో నిజమైన దిగులు కనబడింది.

"అయ్యో అయ్యో!" అంది, ఎప్పుడూ మాట్లాడే గొంతుతోనే. "చేలో ఏం పెట్టారు వదినా? నీళ్ళాపితే ఎండిపోదూ? పెళ్ళయితే మటుకు చేను ఎండబెట్టుకుంటారా? కాలవ మీదికి ఒక మనిషిని తోలకపోయారా!"

పందిరంతా వినబడింది. ఆ వెంటనే మా ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. "అబ్బ, ఏం దెబ్బకొట్టిందే ముసల్ది!" అని ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నాయనమ్మకు ఆ నవ్వెందుకో తెలియలేదు. పేరున్న నోరు కదా, నవ్వితే అలవాటుగా ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే వడ్డించేవాళ్ళ వైపు తిరిగి, "అన్నం పట్రండయ్యా, మా పిల్లోళ్ళ ఆకులు ఖాళీగా ఉన్నయ్" అని కేకేసింది.

ఎవరూ కదలలేదు. గరిటెలు పట్టుకున్న కుర్రాళ్ళు ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. మగవాళ్ళ వరసలో మాకు పెదనాన్న వరసయ్యే ఆయన సంగతి గ్రహించి లేచి నిలబడ్డాడు. "అన్నం లేదా? అన్నం లేని పెళ్ళికా మమ్మల్ని పిల్చింది? లేవండ్రా!" విస్తరి ముందు నుంచి సగంలో లేవడమంటే అంతకు మించిన అవమానం మా వైపు లేదు. ఒకరి వెనక ఒకరు లేచారు. పెళ్ళికూతురి నాన్న పరుగున వచ్చి, భుజం మీది తువ్వాలు చేతుల్లోకి తీసుకుని, "బావా, ఎసరు మరుగుతంది, ఒక్క రవ్వ ఓర్చుకోండి, మీ కాళ్ళు పట్టుకుంటా" అంటున్నాడు. బాసికం కట్టుకున్న పిన్ని పీటల మీద తల ఎత్తకుండా కూర్చుంది. బాబాయి లేవనూ లేడు, కూర్చోనూ లేడు.

పెళ్ళికూతురి తల్లి ఏడ్చింది. "నీ చెవులో చెప్పుకున్నానే వదినా. సాటి ఆడదానివని నీ చెవులోనే చెప్పుకున్నానే. నలుగుర్లో నన్నిట్టా ఎగతాళి చేస్తావా? నా పిల్ల రేపు నీ ఇంట్లో ఎట్టా బతికిద్ది?"

అప్పుడు మా అమ్మ వంగి నాయనమ్మకు విడమరిచి చెప్పింది. తూమంటే అన్నం గుండిగ అని, నీళ్ళంటే అన్నమని. నేను నాయనమ్మ ముఖం చూస్తున్నాను. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనబడుతుంది. ముందు అర్థమైంది, తర్వాత తనకి అర్థం కాలేదన్న సంగతి అర్థమైంది.

పక్కనున్న మా మేనత్త, "సరసానికి అన్నానని చెప్పేయ్యే అమ్మా, వియ్యపురాళ్ళు ఆమాత్రం అనుకోరా? అయిపోయిద్ది" అని గొణిగింది. నిజమే. అలా అంటే నాయనమ్మ పేరు నిలిచేది. పది ఊళ్ళ వాళ్ళూ ఆ దెబ్బని ఇంకో పదేళ్ళు చెప్పుకునేవాళ్ళు.

నాయనమ్మ పందిరి గుంజ పట్టుకుని లేచింది. "నాకు అర్థం కాలేదమ్మా" అంది.

ఎవరూ నమ్మలేదు. "నీకా? నీకు అర్థం కాకపోవటమా?" అని అవతలి వైపు ముసలాయన ఒకాయన చేదుగా నవ్వాడు. "నిజంగా చేలో నీళ్ళ సంగతే అనుకున్నా" అంది నాయనమ్మ మళ్ళీ. అప్పుడూ నమ్మలేదు. అంత నోరున్న మనిషికి అర్థం కాలేదంటే అది ఇంకో ఎగతాళి అనుకున్నారు. ఆమె చుట్టూ చూసింది. నన్ను చూసింది.

"ఇటు రాయే" అంది. "నీ దీపం కథ చెప్పు. నేనేమన్నానో చెప్పు."

నేను తల అడ్డంగా ఊపాను. ఒట్టేశాను కదా. "చెప్పవే తల్లీ" అంది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు, బతిమాలే గొంతు. బూరె పాకం అంటిన చేతులతో అంతమంది మధ్య నిలబడి చెప్పాను. నోట్లో దీపం, పొట్టలో ఇద్దరు తమ్ముళ్ళు. మాస్టారి ఇంజను. మార్కెట్టుకి జరం. మేం స్తంభం వెనక నవ్వింది కూడా చెప్పాను. "మా నాయనమ్మకి కొత్తయి తెలవవు. నిజంగానే తెలవవు" అని చెప్పి ఏడ్చేశాను. ఒక్కరు కూడా నవ్వలేదు. మేం అన్ని రోజులు నవ్వుకున్న మాటలే అవి. ఆమె గుంజ పట్టుకుని, ఎవరి గురించో వింటున్నట్టు నిలబడి మొత్తం వింది. సిగ్గుతో నా ఒళ్ళు కాలిపోయింది. ఆమె పరువు తీసినదాన్ని నేను. నా చేత తీయించినది ఆమె.

పెళ్ళికూతురి తల్లి కొంగుతో ముఖం తుడుచుకుని వచ్చి నాయనమ్మ చెయ్యి పట్టుకుంది. "నేనే మామూలుగా చెప్పాల్సింది వదినా" అంది. "పెళ్ళింట్లో మామూలుగా ఎట్టా చెప్తావులే. పిల్లని మటుకు నా మీద కోపంతో పంపమాక" అని, నాయనమ్మ మగవాళ్ళ వైపు తిరిగింది. "ఒరేయ్, ఏందిరా నిలబడి చూస్తన్నారు? తప్పు నాది. కూర్చోండి." పెదనాన్న ఏదో అనబోయాడు. "కూర్చోరా!" అంది. కూర్చున్నాడు.

అప్పుడు కేకేసింది. "పెరుగు పట్రండమ్మా!"

అందరూ ఆకుల్లో మిగిలిన అన్నంలోనే పెరుగు కలుపుకున్నారు. పొయ్యి మీది ఎసరు అన్నమై వచ్చేదాకా మూడో బంతి వాళ్ళు పేచీ పెట్టకుండా కూర్చున్నారు. నాయనమ్మ మాత్రం ఆ రోజు ఏమీ తినలేదు.

పిన్ని మా ఇంటికి బాగానే వచ్చింది, బాగానే బతికింది. నాయనమ్మతో ఏదైనా చెప్పాలంటే దగ్గర కూర్చుని, చుట్టూ తిప్పకుండా, ఉన్నదున్నట్టు చెప్పేది. ఊళ్ళో వాళ్ళు అట్లా కాదు. ఆ పెళ్ళి తర్వాత నాయనమ్మతో గట్టిగా, సాగదీసి మాట్లాడటం మొదలుపెట్టారు, చెవుడు వచ్చినట్టు. "నాకు చెవుడు కాదే, దొంగముండల్లారా" అని ఇంట్లోకొచ్చి తిట్టుకునేది. ఎవరి పెళ్ళికీ ఆమెను ముందు వరసలో కూర్చోమనలేదు. మర్యాదగానే పిలిచేవాళ్ళు, మర్యాదగానే వెనక కూర్చోబెట్టేవాళ్ళు. ఇంట్లో సామెతలు కూడా తగ్గిపోయాయి. నేను కావాలని సగం అని ఆగితే, కాసేపు చూసి, "మిగతాది నువ్వే చెప్పవే" అనేది.

ఆ తర్వాత ఏదో పెళ్ళికి పోతూ, చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ నన్ను పిలిచింది. "ఏమే, నా పక్కనే కూర్చో. నవ్వాల్సిన చోట నా చెయ్యి నొక్కు" అంది.

సరేనన్నాను. ఆ పెళ్ళిలోనూ, ఆ తర్వాత చానా పెళ్ళిళ్ళలోనూ ఆమె చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆముదం పట్టిన, గరుకైన చెయ్యి. ఎకసెక్కాలు నడుస్తుంటే ఆమె మాట్లాడేవాళ్ళని చూసేది కాదు, నా వేళ్ళ కోసం ఎదురుచూసేది. నొక్కగానే నవ్వేది. అందరితో పాటే నవ్వేది, ఏమీ ఆలస్యం లేకుండా. ఎవరికీ తెలియలేదు. నా ఈడు పిల్లలు పందిరి బయట ఆడుకుంటూ పిలిచేవాళ్ళు. నాకు ఆమె పక్కన కూర్చోవడం సిగ్గుగా ఉండేది. వెళ్ళిపోవడానికి ఇంకా సిగ్గేసేది. ఆ మాట నన్ను అడగడానికి ఆమె ఎంత సిగ్గుని దిగమింగి ఉంటుందో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆ వయసులో అలాంటివి తట్టవు.

ఇప్పుడు తడుతోంది. "నాకు అర్థం కాలేదు" అన్న మాటని మా నాయనమ్మ రెండు ట్రాక్టర్లు, ఒక లారీ జనం ముందు అంది. నమ్మకపోతే నమ్మించి మరీ అంది. నేను నా సొంత ఇంట్లో, నన్ను ప్రేమగా చూసుకునే కొడుకూ కోడలి ముందు అనలేక జోకు కింద చెల్లుబాటు చేసుకున్నాను. నోరున్నది ఆమెకా, నాకా?

నిన్న సాయంత్రం అందరూ హాల్లో కూర్చుని ఏవో కబుర్లు చెప్పుకుంటున్నారు. నాకు సగం అందుతున్నాయి, సగం దాటిపోతున్నాయి. మనవరాలు నా పక్కనే ఉంది. దాని చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. "ఏంటి నాన్నమ్మా?" అని నా వైపు తిరిగింది. మాట గొంతు దాకా వచ్చింది. కోడలు చూస్తోంది, అబ్బాయి చూస్తున్నాడు.

"ఏం లేదులే" అన్నాను. చెయ్యి మాత్రం వదల్లేదు.